ఎస్నాత్ మేకలు

ఆక్లాండ్

గిరీ,

నువ్వు మలావీ నుంచి పంపిన ప్రాజెక్టు కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి. నేను సంతకం పెడితే మా ఫండ్ అక్కడి రైతులకు డబ్బిస్తుంది. బదులుగా వాళ్లు కోతయ్యాక మొక్కజొన్న చొప్పంతా చేలోనే వదిలేయాలి, మట్టిలో కార్బన్ పెరగడానికి.

మొన్న వీడియో కాల్‌లో అక్కడి రైతు ఎస్నాత్ ఏమందో గుర్తుందా? "చొప్పంతా మట్టికే పెడితే నా మేకలు మీ ఆఫీసుకొచ్చి తినాలా?" నువ్వు ఇంగ్లీషులో చెప్పగానే ఇక్కడి మా బోర్డు వాళ్లంతా నవ్వారు. ఇక్కడ ఆవులకు ఏడాదంతా పచ్చగడ్డే, వీళ్లకేం తెలుసు! మనం అనంతపురం వాళ్లం కదరా. చొప్పవామిని కళ్లల్లో పెట్టుకుని కాపాడుకున్న ఇంట్లో పుట్టి, ఒప్పందంలో దాన్ని 'పంట వ్యర్థం' అని ఎలా రానిచ్చాం?

సగం చొప్ప మేతకు వదలాలని నేను పట్టుబట్టొచ్చు. కానీ కార్బన్ తగ్గిందని బోర్డు ఆ డబ్బు ఇంకో దేశానికి పంపేస్తే? ఆ డబ్బూ రాకపోతే, వానల్లేని ఈ ఏడు ఎస్నాత్ మేకల్ని అమ్ముకోక తప్పదు. ఒప్పందం ఇప్పుడున్నట్టే సంతకం పెడితే మేత లేక అమ్ముకుంటుంది. ఏది మేలో నాకు నిజంగా తెలియడం లేదు.

ఈ రెండూ ఆవిడకే విడమరిచి చెప్పు. ఏమంటుందో రాయి. అదే బోర్డుకు చెబుతాను, అందాకా సంతకం పెట్టను. ఈసారి మాత్రం ఎవర్నీ నవ్వనివ్వను.

అక్క