కాల్వ గురించి నేను మాట్లాడబోయిన శనివారాలు

మే 4, శనివారం. ఉదయం 7.10

నిర్ణయం తీసుకున్నాను! ఈ సాయంత్రం మా వీధి చర్చావేదికలో లేచి నిలబడి మాట్లాడతాను. ఒకే ఒక్క మాట: "అధ్యక్షుడుగారూ, మీరు పై అంతస్తు కడుతూ వెనక మురుగుకాల్వలో పోయించిన రాళ్లూ మట్టీ వానలకు ముందే తీయించండి." అద్దం ముందు పన్నెండుసార్లు చెప్పాను. గొంతు బ్రహ్మాండం!

పోయినేడాది కాల్వ పొంగి, కింది గదిలో అక్క కుట్టుమిషను దాకా నీళ్లొచ్చాయి. జనం కుట్టమని ఇచ్చిన బట్టలన్నీ రంగు దిగాయి. ఇంకోసారి ఇలా అయితే ఖాళీ చేసి పోతానంటోంది. ఆ గదీ, దాని పైన నా గదీ అధ్యక్షుడుగారివే. అయితే ఏం? నాకు భయమా?

సాయంత్రం 7.40

మాట్లాడలేదు. ఈరోజు అంశం వాతావరణ మార్పు. కిటికీలన్నీ మూసి, ఏసీ పెట్టి, భూమి వేడెక్కడం గురించి గంటన్నర విన్నాం. ముందు వరుసకు చలేసింది. ఇంకో డెబ్బై ఏళ్లకు మన వీధి మునగొచ్చని నిపుణుడు చెప్పాడు. అక్క గది వచ్చే నెలే మునుగుతుందంటే ఆయన లెక్క తప్పుపట్టినట్టుంటుంది. పెద్దాయన, బాధపడతాడు.

మే 11, శనివారం

అంశం: శాంతిభద్రతలు. పోలీసు అధికారి వచ్చాడు. దొంగల మీద ఫిర్యాదులు రెండు, పక్కింటివాళ్ల మీద పంతొమ్మిది. పదకొండు కెమెరాలు పెట్టాలని తీర్మానం. ఒకటి కాల్వవైపు. కాల్వ పూడిపోవడం ఇక స్పష్టంగా కనబడుతుంది!

ధైర్యం చేసి చెయ్యెత్తాను. అధ్యక్షుడుగారు ప్రేమగా చూశాడు.

"ఏం బాబూ, నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందటగా? ఇకనుంచి చర్చల పుస్తకం నువ్వే రాయి."

వేదిక పుట్టినప్పటినుంచీ నియమం ఒకటుంది: పుస్తకం రాసేవాడు మాట్లాడకూడదు. చెయ్యి దించేశాను. పెన్ను అందుకోవాలి కదా!

మే 12. ఉదయం 9.00

"చెప్పావా?" అంది అక్క, నోట్లోంచి గుండుసూదులు తీసి.

"చెప్పడంకంటే రాయడం గట్టిదక్కా. రికార్డులో ఉండిపోతుంది."

"సరేలేరా. వానొచ్చినప్పుడు ఆ రికార్డే గుమ్మానికి అడ్డం పెడదాం."

మే 18, శనివారం

అంశం: అందరికీ ఇల్లు. అధ్యక్షుడుగారే ప్రసంగించాడు. అద్దెకున్నవాళ్ల కష్టాలు చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. అద్దెకున్నవాళ్లం చప్పట్లు కొట్టాం. మొదట కొట్టింది నేనే.

ఇంతలో మందులషాపాయన లేచి, "వెనక కాల్వ మట్టితో పూడిపోయిందండీ, కంపు భరించలేకపోతున్నాం" అన్నాడు. అధ్యక్షుడుగారు దగ్గి, నా పెన్నువంక చూశాడు. నేను రాశాను: "నీటి పారుదలపై సభ్యులు నిర్మాణాత్మకమైన అభిప్రాయాలు వెలిబుచ్చారు."

"ఎంత పద్ధతిగా రాశావయ్యా!" అని భుజం తట్టాడు. ఇంటిదాకా ఆ భుజం తేలిగ్గానే ఉంది. సిగ్గులేని భుజం.

మే 25, శనివారం

ఈరోజు మాట్లాడకపోవడానికి కారణాలు:
1. పుస్తకం రాస్తున్నాను.
2. గొంతు నొప్పి (సాయంత్రం 5 నుంచి 7 వరకు).
3. మందులషాపాయన ఎలాగూ చెప్పాడు.

జూన్ 1, శనివారం

వెళ్లలేదు. వాన ఇంకా రాలేదు కదా.

జూన్ 3, సోమవారం. మధ్యాహ్నం 2.30

వచ్చింది. ముప్పావుగంటలో గదిలో మోకాళ్లలోతు. అక్కా నేనూ మిషను బల్లమీదికి ఎత్తాం. మోటారు అప్పటికే నీళ్లు తాగింది. అరలో కింది వరుస బట్టలన్నీ పోయాయి.

సాయంత్రం 5.00

అక్క చర్చావేదిక గేటు దగ్గరికి వెళ్లింది. అక్కడి బోర్డుమీద చర్చల నకళ్లు అంటిస్తారు. తడిచేత్తో ఒక్కొక్కటీ చదివింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బాగా రాశావు తమ్ముడూ. ఇందులో నా గది ఎక్కడుంది?"

తలెత్తలేకపోయాను.

జూన్ 4, మంగళవారం. ఉదయం 8.15

అక్క మిషను బండెక్కింది. వెనకే అక్క. నేను చెయ్యూపాను, తను చూడలేదు.

అధ్యక్షుడుగారు వచ్చి, ఖాళీ గదిలో తడిగోడల్ని తట్టి చూశాడు. చంకలో చర్చల పుస్తకం.

"అయ్యో! పుస్తకమంతా తిరగేశాను. ఈ కాల్వ సంగతి ఒక్కరూ చెప్పలేదేమయ్యా?"

నోరు తెరిచాను. అద్దం ముందు చెప్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. గదిలో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు.

"శనివారం తప్పకుండా చెబుతానండీ," అన్నాను.