హన్మండ్లు అక్షరాలు

12 మే 2005
బీడీ కార్ఖానోళ్లిచ్చిన డైరీ. మీద మార్కండేయ అని నా పేరు రాసుకున్న. మా ముసల్ది భూమవ్వ పొయ్యిల వెడతనంటే గుంజుకున్న.

పొద్దంత మన్మరాలు శ్యామల దుకాణంల కూసున్న. పెండ్లి కార్డులు అచ్చేస్తది. దాని కంప్యూటర్లల్ల లినక్స్ అనేది ఉన్నది. ఫ్రీ. ఫ్రీ అన్నంక నాకు మస్తు నచ్చింది. అందుల తెలుగు అక్షరాల ప్యాకేజీ ఉంటది. ఇన్నొద్దులు ఆ లినక్స్ కంపెనీ మనిషే దాన్ని సూసుకునేటోడట. ఆయన నౌకరి ఇడిసిపెట్టి పోయిండు. గిప్పుడు కంపెనీ తలుపు తీసింది, బయటోళ్లు ఎవ్వలైనా వచ్చి సూసుకోండ్రి అన్నదట. శ్యామల నేనున్న అని చెయ్యెత్తింది.

జీతమెంత అని అడిగిన. లేదన్నది. గట్లయితే ఇల్లరికం అల్లుని నౌకరే గదా అన్న. స్కేలు వట్టుకోని ఎంటవడ్డది.

15 మే
పాత ప్యాకేజీల ఒత్తులు ఊడిపోతున్నయట. అందుకని శ్యామల హన్మండ్లు అక్షరాలు వెట్టి కంపెనీకి పంపింది. హన్మండ్లు నా దోస్తు, బోధన్ల బోర్డులు రాస్తడు. షుగర్ ఫ్యాక్టరీ తొవ్వల సగం దుకాణాలు ఆయన చేతివే. నిరుడు ఈమె అడిగితే అక్షరాలన్నీ గీసిచ్చిండు. తీస్కపో బిడ్డ అన్నడు. గంతే.

20 మే
శ్యామల పంపింది చెకింగ్ చేసేటాయన బ్రెజిల్ల ఉంటడు. తెలుగు రాదు. నవ్విన గని, నేను గూడ కార్ఖానల బీడీ తాగకుంటనే చెకింగ్ చేసిన.

ఆయన వాపస్ చేసిండు. పని మంచిగున్నదట. కని అక్షరాలు గీసినాయన, అందరు వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని రాసిచ్చిన కాయితం ఏది అన్నడట. మిరుగు కార్తె లోపల అది రాకుంటే కొత్త లినక్స్‌ల తెలుగే ఉండదు. శ్యామల తల వట్టుకున్నది. మన దిక్కు కాయితం ఎవ్వలడుగుతరు?

22 మే, ఆదివారం
ఇద్దరం బోధన్ పోయినం. హన్మండ్లు చాయ్ తాగిపిచ్చిండు. కాయితం తీసినమో లేదో మూతి మాడ్చిండు. నా మాట మీద నమ్మకం లేదా, నేనేమన్న ఎగవెట్టి పారిపోతనా అన్నడు. శ్యామల బతిమిలాడింది. సంతకం అడిగేటోళ్లతోని నాకు దోస్తానా లేదన్నడు. కాయితం గల్మల, తలుపు కాడ, విసిరేసిండు. లేచి బస్సెక్కినం.

23 మే
శ్యామల అన్నం తినలే. నేనెంత గెలికినా తిట్టలే. భయమైతున్నది.

29 మే, రాత్రి
ఎవ్వలకు చెప్పకుండ బోధన్ పోయిన. హన్మండ్లుకు చెప్పిన, నీకేం తక్లీఫ్ లేదు, ఆ అక్షరాలు మార్కండేయ గీసిండని నేనే సంతకం వెడుతున్న, దునియా అంత మార్కండేయ అక్షరాలు అంటరు, నీ పేరు మాత్రం బోధన్ల బోర్డుల కిందనే ఉంటది అన్న.

హన్మండ్లు ఎర్రగైండు. నీకు సున్న సుట్టుడు రాదు, నీ అవ్వ, నీ అక్షరాలా అన్నడు. ఆనాడు విసిరేసిన కాయితం లోపలికెల్లి తానే తెచ్చుకున్నడు. పెన్ను ఇస్తే ముట్టలే. కుంచె తీసి ఎర్ర రంగుల ముంచి, ఈ కొసకెల్లి ఆ కొసదాక సంతకం జేసిండు. బోర్డు రాసినట్టే, కింద నీడ గూడ వెట్టిండు.

రంగు ఆరకముందే బస్సొచ్చింది. సగం హన్మండ్లు నా ధోతికి అంటిండు. భూమవ్వ ఎక్కడ కొట్లాడొచ్చినవని అడుగుతున్నది.

30 మే
శ్యామల కాయితం ఫొటో పంపింది. బ్రెజిల్ ఆయన, ఇంత అందమైన పర్మిషన్ నా జిందగీల సూడలేదని రాసిండట. చదివి చెప్పుకుంట చెప్పుకుంటనే రెండుసార్లు అన్నం వెట్టుకున్నది.

7 జూన్
ఒప్పుకున్నరు. ప్యాకేజీ కొత్త లినక్స్‌ల వడ్డది. సూసుకునేటామె శ్యామల, నిజామాబాద్ అని ఉన్నది. అక్షరాలు హన్మండ్లు, బోధన్ అని ఉన్నది. నా పేరెక్కడ అని అడిగిన. ధోతి మీద సూసుకో అన్నది.

8 జూన్, మిరుగు
మిరుగునాడు తినాలె గదా అని హన్మండ్లు చాపలు వట్టుకోని వచ్చిండు. కంప్యూటర్ల తన పేరు సూసుకుంట కూసున్నడు. లేవడు. భూమవ్వ వండిన చాపలు సల్లారినయ్. వాన కొట్టింది.

20 జూన్
ఇది శ్యామల కంప్యూటర్ల నేనే కొడుతున్న. కొత్త లినక్స్.
మార్కండేయ. వచ్చింది.
శ్యామల. వచ్చింది. ఒత్తు ఊడలే.
భూమవ్వ మాట ఇంటది. గిది గూడ వచ్చింది. ఏం చెప్పినా నమ్ముతది ఈ డబ్బా.