ప్రకాశం గురించి బయటివాళ్ల మాట

1938 ఆగస్టు 8, సోమవారం
మళ్లీ నా నెత్తినే వేశారు. సంఘ పెద్దలం ఐదుగురం. మోకాళ్ల నొప్పి లేనిది నాకొక్కడికేనట. నాకూ ఉంది, చెప్పుకోవడం రాదంతే. ముసలి పాస్టరుగారు పోయి ఆరు నెలలు. ఆయన చోట, చర్చిలో వాక్యం బోధించే ఉపదేశి ప్రకాశాన్ని నిలబెట్టాలా వద్దా — ఆదివారం సంఘం ముందు తేల్చాలి. మా దగ్గర వాడుక ఒకటుంది. పాస్టరు కాబోయేవాడి గురించి క్రైస్తవులు కానివాళ్లను అడిగి రావాలి. మనవాళ్లు పొగిడితే అది చుట్టరికం.

ఆగస్టు 9
గాజుల కరీం భాయ్ కొట్టు. ప్రకాశం పేరెత్తగానే లేచి నిలబడ్డాడు.
"ఫరిష్తా, భాయ్! దేవదూత! మా అమ్మీ మంచంల ఉన్నప్పుడు ఎవ్వరం పిలువలే. ఆయనే వచ్చిండు. చెయ్యి పట్టుకొని కూసున్నడు. తెల్లారి అమ్మీ పోయింది."
మంచి మాటే. రాసుకున్నాను. చాయ్ కూడా బాగుంది.

ఆగస్టు 10
ధూల్‌పేట్. బొమ్మలు చేసే కిషన్ ఇల్లు. వరసగా వినాయకులు... కళ్లు ఇంకా దిద్దలేదు. అయినా నా వైపే తిరిగి ఉన్నారు.
"మంచోడు పెద్దయ్యా. మా తమ్మునికి జర జ్వరం, గంతే. పిలువకుంటనే వచ్చి పక్కన కూసున్నడు. తెల్లారి..."
మట్టి చేతులు తుడుచుకుని ఇంకో బొమ్మ అందుకున్నాడు. తెల్లారి — ఈ మాట నిన్న కూడా విన్నాను. రాసుకున్నాను.

ఆగస్టు 11
బార్కస్ బస్తీ. ప్రకాశం ఒకప్పుడు చదువు చెప్పిన పిల్లల నాయనమ్మ, అరబ్ ముసలమ్మ.
"ఒక దినం పొద్దుగాల వచ్చిండు బేటా. ఎవరికి బాగలేదని అడిగిండు. అందరం మంచిగనే ఉన్నం అన్న. నా చిన్న కొడుకు రొట్టె తినుకుంట నవ్విండు."
నేను అడగలేదు. ఆమే చెప్పింది: "తెల్లారి లేవలే."
తర్వాత — "ఆయనను మంచిగ చూసుకోన్రి. మస్తు ఏడ్చిండు."
ఆమెకు కోపం లేదు. నాకు భయం వేసింది అందుకే.

అదే రోజు, మధ్యాహ్నం
అన్నం సయించలేదు. కూరలో ఉప్పు తక్కువైందేమో అంది రూతమ్మ. ముప్పై ఏళ్ల కాపురంలో తప్పు ఒప్పుకోవడం ఇదే మొదలు.

సాయంత్రం
చర్చిలో బల్లలు తుడుస్తున్నాడు ప్రకాశం. అడిగేశాను.
"కాళ్లు గుంజుతయి పెద్దయ్యా. ఎందుకో ఎరుక లేదు. ఆ ఇంటికి పోయేదాక నిలువనియ్యవు." గొంతు తగ్గించాడు. "సస్తరని పోతున్ననా, నేను పోతే సస్తున్రా? గిది దేవుని పిలుపే అంటె పాస్టర్నయిత. కాదంటె ఊరిడిసి పోత. నువ్వే చెప్పు."
నా వీధిబడి చదువులో దీనికి ఎక్కం లేదు.
"శనివారం ఇంటికి రా. చెప్త" అన్నాను.

ఆగస్టు 12, శుక్రవారం
పొద్దున్నే కాగితం ముందు కూర్చున్నాను, పాస్టరుకు ఉండాలని బైబిలు చెప్పే గుణాలు ఒక్కొక్కటే సరిచూస్తూ. భార్య ఒక్కతే. తాగడు. చెయ్యి చేసుకోడు. బోధించగలడు, వినేవాళ్లను నిద్రపోనివ్వడు కూడా, ఇది మన సంఘానికి కొత్త. బయటివాళ్లు — ముగ్గురూ మంచివాడనే అన్నారు. అబద్ధం లేదు. మిగతాది రాయాలా?

ప్రాణాలు తీసేవాడు అట్లా ఏడవడు. ఎవరూ చెప్పకముందే ఆ ఇంటి దుఃఖం మోయడానికి వెళ్లాడు. పాస్టరును మనం అడిగేది అంతకంటే ఏముంది...

వాకిట్లోంచి రూతమ్మ కేక — "ఏమయ్యా, ప్రకాశం వచ్చిండు. రేపు గదా రమ్మంటివి? కూసోమంటె కూసుంటలేడు."

ఆత్రం కాబోలు. జవాబు కోసమే అయ్యుంటుంది. నాకు జ్వరం లేదు, చెయ్యి పట్టి చూసుకున్నాను. రూతమ్మ గొంతు గట్టిగానే ఉంది.

"జర ఆగమను" అన్నాను.

మళ్లీ పిలుస్తోంది. ముందు ఇది రాసి లేస్తాను. ప్రకాశం పాస్టరు పనికి తగినవాడని నేను మనస్ఫూర్తిగా