చేప కోసం చల్లనీళ్లు

మంగళవారం

ఈరోజు క్యాంప్ 1 బస్తీలో, అన్నయ్య తన ఇంట్లోని అక్వేరియం మీదికి వంగి ఆడ క్యాట్‌ఫిష్‌ను చూపించాడు. "పైనుంచి సూడరా, పొట్ట రెండేపులా ఉబ్బింది. మగవి ఎనకే తిరుగుతున్నాయి. సల్లనీళ్లు పోస్తే రేపటికి గుడ్లెట్టేస్తాది. బహూ, బాల్టీ తే!"

ఆ పిలుపుకి అన్నయ్య కోడలు రేఖ నీళ్లతో నిండు బాల్టీ మోసుకొచ్చింది. ఆమెకు ఎనిమిదో నెల. మొన్న రక్తం కనబడితే, బరువులెత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"చేప పొట్ట కనబడింది గానీ కోడలి పొట్ట కనబడలేదా?" అని అరిచాను.

"మళ్లీ మొదలెట్టీసినావా నీ భాషణ్?"

ఆడవాళ్ల చాకిరీ గురించి అరగంట వాదించి అన్నయ్య నోరు మూయించాను. తిరిగి చూస్తే రేఖ రెండో బాల్టీ దించి గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటీ కాలేదు చిన్నమామయ్యా" అంది. పెదాలు పాలిపోయాయి.

ఆ అరగంటా నా చేతులు గాలిలోనే ఊగాయి. బాల్టీ అందుకోవాలని తోచనే లేదు.