కాసాలో స్టీరింగ్ పట్టాక

కాసాబ్లాంకా,
ఆదివారం మధ్యాహ్నం

నా జవాద్‌కి,

వియామ్, లుబ్నా భోంచేసి పడుకున్నారు. నాకు కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. వియామ్ వాళ్ళ అక్క ఇంట్లో బాల్కనీకీ వంటింటికీ మధ్య తిరిగి తిరిగి చివరికి ఈ కాగితం ముందు కూలబడ్డాను. ఫోన్ చేయొచ్చు. కానీ నువ్వు నవ్వుతావు, నువ్వు నవ్వితే నాకు మాట పడిపోతుంది. అందుకే రాసి లుబ్నా చేతికిస్తున్నాను. వాళ్ళిద్దరూ రైల్లో వస్తారు, నేను మాత్రం వాళ్ళతో ఎల్ జదీదాకు, మన ఇంటికి, తిరిగి రావడం లేదు.

నిన్నంతా స్నేహితురాళ్ళం ముగ్గురం తిరిగాం. హబూస్ వీధుల్లో చెప్పులు బేరమాడి కొనకుండా వచ్చేశాం. సెంట్రల్ మార్కెట్‌లో చేపలు ఏరి అక్కడే వేయించుకు తిన్నాం. అయిన్ దియాబ్ సముద్రపు ఒడ్డున జుట్టు చిక్కులు పడేదాకా నడిచాం. వాళ్ళు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాను గానీ మనసు ఒకచోట నిలవలేదు. లుబ్నా పసిగట్టి, "ఏమే, ఒక్క పూటకే మొగుడి మీద బెంగా?" అంది. బెంగ నీ మీద కాదు. బయలుదేరే ముందు మా తమ్ముడు ఫోన్ చేశాడు. నాన్నకు చూపు ఆనడం లేదట, టాక్సీ అమ్మేస్తున్నారట. నీకు చెప్పలేదు. చెబితే "పాత ఇనుము, పోతే పోనీ" అంటావని తెలుసు. ఆ పాత ఇనుములోనే నేను నడపడం నేర్చుకున్నాను. టాక్సీ లైసెన్సు కూడా మన పెళ్ళికి ముందే తీసుకున్నాను.

ఈ ఉదయం వియామ్ మెట్ల మీద జారి మణికట్టు విరిగినంత పని చేసుకుంది. కారు తనది. లుబ్నాకు నడపడం రాదు. ఇద్దరూ నా వైపు చూశారు.

"నేను మానేశాను" అన్నాను.

"మానేయడానికి అదేమన్నా సిగరెట్టా?" అంది వియామ్ నొప్పితో పళ్ళు బిగించి.

తనను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి స్టీరింగ్ పట్టాను. మొదటి కూడలిలోనే బండి ఆగిపోయింది. వెనకాల ఎర్ర టాక్సీవాడు తల బయటపెట్టి, "ఏమ్మా, నిద్రొచ్చిందా, దుప్పటి తెమ్మంటావా?" అన్నాడు. "నీ దుప్పటి నువ్వే కప్పుకో, ముందు హారన్ ఆపు" అనేశాను. అది నా గొంతేనని నమ్మడానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత ట్రామ్ పట్టాలూ, తోపుడు బళ్ళూ, ఏ పక్క నుంచి ఊడిపడతాయో తెలియని మోటారు సైకిళ్ళూ, వాటన్నిటి మధ్యలోంచి నీళ్ళలా జారుకుంటూ పోయాను. ఆసుపత్రి దాటిపోయి మళ్ళీ వెనక్కి తిప్పాల్సి వచ్చింది. "చెయ్యి నాది, సరదా నీదీనా?" అని వియామ్ తిట్టింది.

నేనెందుకు మానేశానో నీకు తెలుసా జవాద్? మీ అన్న పెళ్ళిలో ఆయన కారులో చుట్టాలందర్నీ నేనే చేరవేశాను. సాయంత్రం నీ స్నేహితుల ముందు, "మా ఆవిడ కారు తీసిందంటే ఊళ్ళో గోడలన్నీ తప్పుకుంటాయి" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి టీ అందించాను. ఆ మర్నాటి నుంచి ఏ కారు తాళమూ ముట్టుకోలేదు. ఎందుకని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వన్న మాట కంటే ఆ అడగకపోవడమే నన్ను ఎక్కువ తొలిచింది.

సెత్తాత్‌లో నాన్న దగ్గరికి వెళ్తున్నాను. ఆయన బండి ఇక నేను నడుపుతాను. అనుమతి అడగడం లేదు, నీకు తెలియాలని రాస్తున్నాను. సిగ్గనిపిస్తే నాతోనే చెప్పు, ఊళ్ళో వాళ్ళతో కాదు. నాలో ఉన్నది కోపమో భయమో నాకే అంతు పట్టడం లేదు.

నీ
బహీజా

సెత్తాత్,
గురువారం

వియామ్, నా బంగారు తల్లీ,

కట్టు విప్పేశారా? ఫోన్ చేస్తే "ఏమన్నాడు, ఏమన్నాడు" అని నన్ను ఊపిరి తీసుకోనివ్వవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నాన్న ఏమీ అడగలేదు. తాళం చేతిలో పెట్టి, "బ్రేకు కాస్త మొండిది, నీలాగే" అన్నాడు. జవాద్ దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడటం, చూసి పక్కన పడేయడం, ఈ వారమంతా నా పని అదే.

ఇవాళ కాసాబ్లాంకాకి మొదటి ట్రిప్పు. సీట్లన్నీ నిండితే గానీ కదలని బండి. స్టాండులో ఓ పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నాక నన్ను చూసి దిగిపోయాడు. "ఆడమనిషి నడిపే బండెక్కడానికి నాకు భయం" అన్నాడు. ఆయన వెనకే ఇంకొకడూ దిగాడు. మిగిలింది ఒక ముసలమ్మ. తాళం తిరిగి నాన్నకు ఇచ్చేద్దామనుకున్నాను, వియామ్. నిజం.

అప్పుడు ముందు తలుపు తెరుచుకుంది. జవాద్. తను పనిచేసే హోటల్ వంటింట్లోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒళ్ళంతా చేపల వాసన. నా వైపు చూడకుండా ఆ పెద్దాయనతో, "భయపడాల్సింది నేను హాజీ. సాయంత్రం ఈవిడతో ఇంటికెళ్ళేది నేనే" అన్నాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లు గొల్లుమన్నారు. ఆ తర్వాత రోడ్డు మీద నిలబడి, అలవాటు లేని గొంతుతో "కాసా, కాసా" అని అరిచి మనుషుల్ని ఎక్కించాడు. పెద్దాయన మాత్రం వేరే బండిలోనే పోయాడు.

ఊరు దాటాక, "నీతో మాట్లాడాలి" అన్నాడు.

"బండి నడిపేటప్పుడు నేను మాట్లాడను."

"అయితే విను. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. నీక్కూడా చెప్పలేదు. ఆ పెళ్ళిలో వాళ్ళంతా నిన్ను మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను. అందుకే ఆ మాటన్నాను. తప్పు నాదే."

నా కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. బండి నిండా మనుషులు. వెనక నుంచి ముసలమ్మ ముందుకు వంగి, "నాయనా, తప్పెవరిదన్నావు? ఇంజను మోతలో వినబళ్ళేదు" అంది.

అతను వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాడు.

నీ
బహీజా