మామ్మ కప్పుకున్న మెడ

12 ఆగస్టు 1998, బుధవారం
మల్కాపురం

మామ్మ నన్ను మోసం చేసింది.

చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి అడ్డపొగ తాగింది. అంగిట్లో పుండు పడితే ఆస్పత్రికి రానంది. "సదువుకున్నదానివి, నువ్వే సూడు" అంది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం టార్చి వేసి చూశాను. పుండు పెరగలేదు. ఆ మాట నవ్వుతూ చెప్పేదాన్ని.

పోయిన వారం స్నానం చేసి వస్తుంటే, ఆమె మెడ చుట్టూ కప్పుకున్న పమిట జారింది. దవడ కింద నిమ్మకాయంత గడ్డ. ఆస్పత్రిలో ముక్క తీసి పరీక్ష చేస్తే ఈరోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సరే.

మన కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయట. క్యాన్సరు కణాలు ఆ పట్టు వదిలేసి, కిందిపొరను కరిగించి, సన్నని నాళాల్లోకి దిగి మెడకు చేరతాయని డాక్టరు చెప్పారు. పైన పుండు పెరగనక్కర్లేదట. నేను నోట్లోకి చూస్తున్నన్నాళ్ళూ అవి దిగిపోతూనే ఉన్నాయి. గడ్డ సంగతి నాకు తెలిసుంటే ఎండాకాలంలోనే ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళేదాన్ని.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "ఎప్పట్నుంచి ఉంది మామ్మా?"

"ఎండల్లో వచ్చింది. సెప్తే పరీచ్చలు మానేసి నాకాడే కూకుంతావు."

"చుట్టైనా మానేశావా?"

"నీ ముందు మానేసినాను కదే!"

నాకు నవ్వు రాలేదు.

ఇందాక, ఆదివారం కాకపోయినా, నన్ను మంచి చేసుకోవాలని నోరు తెరిచి నా ఎదురుగా కూర్చుంది. టార్చి వెయ్యలేదు. పమిట తియ్యమన్నాను.

పమిటను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.