చివరి పేరు, కాస్త నెమ్మదిగా

క్రీడల టీవీలో ఉత్తరాలు చూసే అధికారి గారికి, బోర్డులు రాసే ముసలాయన రెండు చేతులూ ఎత్తి పెట్టే నమస్కారాలు.

అయ్యా, నేను క్షేమం. మీరు, మీ టీవీ, అందులో పరిగెత్తేవాళ్ళు, దూకేవాళ్ళు, గెలిచినవాళ్ళు, పాపం ఓడినవాళ్ళు అందరూ క్షేమమని తలుస్తాను. నా చదువు అయిదో తరగతితో సరి. కానీ నలభై ఏళ్ళు షాపుల మీద బోర్డులు రాశాను కాబట్టి అక్షరాలకు నేనంటే భయం, నాకు అక్షరాలంటే ప్రేమ. తప్పులుంటే మన్నించాలి.

సంగతేమిటంటే, మా అమ్మాయికి మీ దగ్గర ఉద్యోగం వచ్చింది! ఈ ముక్క ఎన్నిసార్లు రాసినా చెయ్యి ఆగడం లేదు, ఇంకోసారి రాస్తాను. మా అమ్మాయికి మీ దగ్గర ఉద్యోగం వచ్చింది! సాయంత్రం మీరు గంటసేపు ఆటలు చూపించి మూసేసేముందు, నల్లటి తెర మీద పనిచేసినవాళ్ళ పేర్లు కింద నుంచి పైకి వెళ్తాయి కదా. అందులో అన్నిటికంటే చివరిది మా అమ్మాయి పేరు. దాన్ని నేను తెర మీద చదవాలి. ఈ వయసులో నాకున్న కోరిక ఇదొక్కటే.

మొన్న మా వీధివాళ్ళని పన్నెండు మందిని పిలిచి ముందు గదిలో కుర్చీలు వేసి కూర్చోబెట్టాను. గంట చూశాం. పేర్లు మొదలయ్యాయి. అన్నీ పెద్దమనుషుల్లా పద్ధతిగా నడిచి వెళ్ళాయి. చివరి పేరు వచ్చేసరికి ఎవరో కుక్కని వదిలినట్టు పారిపోయింది. నేను కళ్ళజోడు సర్దుకునేలోగా తెర ఖాళీ. "ఇప్పుడు వెళ్ళింది పేరా, దోమా?" అన్నాడు కటింగ్ షాపాయన. పన్నెండు మందీ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. పదమూడు.

కాబట్టి అయ్యా, కాస్త నెమ్మదిగా పోనివ్వండి. అంత వేగమైతే మాలాంటి ముసలి కళ్ళకు అందదు. నేను పట్టిన పట్టు విడిచే మనిషిని కాను. ఇది తీరేదాకా రాస్తూనే ఉంటాను. పోస్టాఫీసు మా ఇంటి పక్కనే.

ఇట్లు,
మీ ఉప్పు తినే పిల్ల తండ్రి

తా.క.: అమ్మాయి పేరు మీకు చెప్పను. "నాన్నా, ఆఫీసుకి ఉత్తరాలు రాశావంటే నీతో మాట్లాడను" అని ఒట్టు పెట్టింది. మీరూ ఆమెకి చెప్పకండి. కోపం వస్తే అచ్చం వాళ్ళమ్మే.

*

గౌరవనీయులైన ప్రేక్షకులకు,

మీ ఉత్తరం అందింది. ఉత్తరాల రద్దీ వల్ల చివరి పేరా మాత్రమే చదవడం మా విభాగం పద్ధతి. దాన్ని శ్రద్ధగా రెండుసార్లు చదివాము. "నెమ్మదిగా పోనివ్వండి" అన్న మీ సూచనను ఆటల విభాగానికి పంపగా, పరుగుపందెంలో ఉన్నవారిని నెమ్మదిగా పరిగెత్తమని చెప్పే అధికారం తమకు లేదని వారు విచారంతో తెలియజేశారు.

అయినా మీ మాట తీసివేయలేదు. వచ్చే సోమవారం నుంచి ముఖ్యమైన ఘట్టాలన్నీ మరోసారి నెమ్మదిగా చూపిస్తాము. మన చానెల్ ఎదుగుదలలో ఇదొక గొప్ప అడుగు.

భవదీయుడు,
ఉత్తరాల విభాగం అధికారి

తా.క.: పొరపాటున మీ తా.క. కూడా చదివాను. మీ అమ్మాయి ఏ ఆట ఆడతారు?

*

చల్లని మనసున్న అధికారి గారికి, బోర్డుల తాత దీవెనలు.

నాయనా, ముక్కు ఏది అంటే తల చుట్టూ తిప్పి చూపించావు. అయినా బాగుంది! నిన్న ఒకాయన ఎత్తు దూకాడు. నువ్వు నెమ్మది చేశాక ఆయన గాల్లోకి లేచి ఎంతకీ దిగడే! దిగేలోగా కటింగ్ షాపాయన నాకు ఒక చెంప గీసేశాడు. రెండో చెంపకి నేను వద్దన్నాను, పేర్లు వచ్చే వేళయిందని.

కానీ దూకినాయన గాల్లో తిన్న సమయమంతా పేర్ల దగ్గర కోసేశారు. మా అమ్మాయి ఏ ఆటా ఆడదు నాయనా. చివరి పేరు మాత్రమే ఆమెది. ఈసారి తెరకి మొహం ఆనించి కూర్చున్నాను. నాకు ఒక గీత కనిపించింది, వెనకున్న పన్నెండు మందికి నా బట్టతల కనిపించింది.

అక్షరం సంగతి నాకు తెలుసు, విను. సైకిల్ మీద పోయేవాడు తొక్కడం ఆపకుండా చదవగలిగితేనే అది బోర్డు. ఇంకోటి, చివరి అక్షరం తోక నేలకి అంటాలి. తోక పైకి ఎగిరిందంటే రాసినవాడికి ఇంటికెళ్ళే తొందర అని అర్థం. మా అమ్మాయి చిన్నప్పుడు నా పక్కన కూర్చుని బ్రష్షు పట్టేది. "తోక దించవే, తోక దించు!" అని వెయ్యిసార్లు అరిచుంటాను. నేనా? నా తోక ఒక్కనాడూ లేవలేదు.

కాబట్టి, నెమ్మది చెయ్యలేకపోతే పోనీ, అక్షరాలు పెద్దవి చెయ్యండి. వీధి అవతల నుంచి కూడా కనపడాలి.

ఇట్లు,
ఇంకా చూడని తండ్రి

తా.క.: మిగిలిన చెంప ఇవాళ గీయించుకున్నాను. నిన్న రాత్రంతా మా ఆవిడ నన్ను ఒకవైపు నుంచే చూసింది.

*

గౌరవనీయులైన ప్రేక్షకులకు,

"అక్షరాలు పెద్దవి చెయ్యండి" అన్న మీ చివరి పేరాను పై అధికారుల సమావేశంలో చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. ఇకపై స్కోరు సగం తెర ఉంటుంది. మిగతా సగంలో ఆట కూడా కనిపిస్తుంది.

మరో శుభవార్త. ప్రేక్షకుల ఆదరణ వల్ల మన ప్రసారాలు రోజుకు ఒక గంట నుంచి ఆరు గంటలకు పెరిగాయి. ప్రకటనలు కూడా పెరిగినందున చివర్లో వచ్చే నలభై రెండు పేర్లనూ ఏడు సెకన్లలో ముగిస్తున్నాము.

భవదీయుడు,
ఉత్తరాల విభాగం అధికారి

తా.క.: మా ఇంట్లో స్కోరు బాగా కనిపిస్తోంది. ఎవరు ఆడుతున్నారో తెలియడం లేదు.

*

అధికారి గారికి నమస్కారం. మీ పద్ధతి నాకు అర్థమైంది కనుక ఈ ఉత్తరమంతా చివరి పేరాయే. నలభై రెండు పేర్లు ఏడు సెకన్లలోనా! మా ఇంటి మీదుగా కాకులు కూడా అంతకంటే నెమ్మదిగా పోతాయి. నీ ఉద్యోగం ఏమిటే అని మా అమ్మాయిని అడిగితే, "అన్నీ అయిపోయాక చివర్లో వచ్చే పని నాన్నా" అంటుంది, అంతకుమించి నోరు విప్పదు. వినయం! నాకు తెలియదా? బోర్డు మీద కింది మూలన ఉన్న పేరే అసలు మనిషిది. ఇంటికి చివర తాళం వేసేవాడే ఇంటి పెద్ద. అందరి పేర్ల తరవాత వచ్చే పేరు అందరికంటే పెద్దది కాక చిన్నదవుతుందా? అయినా మీరు దాన్ని తరిమేస్తున్నారు. ఒక్క మాట చెప్తున్నా, ఆ పేరు దేశమంతటా ఇరవై నాలుగు గంటలూ చూపించినా ఈ తండ్రికి తనివి తీరదు, ఆమెకి మాత్రం ఈ ఉత్తరం సంగతి చెప్పొద్దు, ఇట్లు పెద్ద ఉద్యోగి తండ్రి.

తా.క.: ఊపిరి ఆడక ఇక్కడ ఆపాను.

*

మహారాజశ్రీ, పూజ్యులు, డైరెక్టరమ్మ గారి నాన్నగారి పాదాలకు,

అయ్యా, క్షమించాలి! జాబితా తెప్పించి చూశాను. చివర్లో పెద్ద అక్షరాల్లో ఉన్నది మా డైరెక్టరమ్మ గారి పేరు. దాని కింద ఇంకేదో సన్నని గీతలా ఉంది కానీ అది దుమ్ము అయి ఉంటుంది. తమరు ఇన్నాళ్ళూ సామాన్యుడిలా రాస్తుంటే నేను చివరి పేరాలు చదువుతూ కూర్చున్నాను. తమరు చెప్పినట్టే అమ్మగారికి ఒక్క ముక్క తెలియనివ్వలేదు.

తమరు "దేశమంతటా, ఇరవై నాలుగు గంటలూ" అన్నారు. ఆ ఫైలు మూడేళ్ళుగా బీరువాలో ఉంది. తమరి ఉత్తరం గుండెలకు హత్తుకుని నేనే గది గదికీ తిప్పి సంతకాలు చేయించాను. ఒకటో తేదీ నుంచి మన చానెల్ దేశం నలుమూలలా, రాత్రీ పగలూ ప్రసారమవుతుంది!

పేర్లు రోజు చివర్లో వేస్తాం. ఇక రోజుకు చివరే లేదు కనుక పేర్లు ఉండవు. అమ్మగారి పేరు తెలియనివారెవరు లెండి.

తమ విధేయుడు,
ఉత్తరాల విభాగం అధికారి

తా.క.: నా బదిలీ విషయం అమ్మగారితో ఒక్క మాట, తమరికి వీలున్నప్పుడు.

*

అధికారికి,

చివర లేని టీవీయా! నీ గదికి గోడలే కానీ తలుపు లేదా నాయనా? డైరెక్టరమ్మ ఎవరో నాకు తెలియదు. మా అమ్మాయి అయితే సంతోషం, కాకపోతే ఆవిడ తండ్రికి నా నమస్కారాలు చెప్పు.

నువ్వు చూపించకపోతే నేనే చూపిస్తా. నిచ్చెన దించాను. బ్రష్షులు కడిగాను. పన్నెండు అడుగుల గుడ్డ మీద ఎర్ర రంగుతో, నల్ల అంచుతో మా అమ్మాయి పేరు రాశాను. ఇక దాచేది లేదు. ఒకటో తేదీన ఫుట్‌బాల్ ఫైనల్ కదా. గోలు వెనక మొదటి వరసలో కూర్చుంటాను. ఒక కొస నేను, ఇంకో కొస కటింగ్ షాపాయన. ఆయన మొదట రానన్నాడు. "అది దోమో పేరో తేల్చుకుందాం రారా" అన్నాను. వస్తున్నాడు.

ఇట్లు,
నిచ్చెన ఎక్కిన తండ్రి

తా.క.: గోలు కొట్టేవాళ్ళని మా వైపే కొట్టమని చెప్పు. ఏ జట్టయినా నాకు ఒకటే.

*

బోర్డుల తాతగారికి,

ఈసారి తమ ఉత్తరాలన్నీ మొదటి పేరా నుంచి చదివాను. నాకు సిగ్గుగా ఉంది.

గోలు మీ వైపే పడింది. మీరు కోరిన పద్ధతి ప్రకారం దాన్ని మళ్ళీ నెమ్మదిగా చూపించాం. బంతి వలలోకి పాకుతోంది, వెనక గాలికి నిండుగా తెరుచుకుని ఆ పేరు. రోజంతా నింపడానికి మా దగ్గర వేరే ఏమీ లేదు కనుక అదే గోలును నలభై ఆరుసార్లు చూపించాం, దేశమంతటా. ఇప్పటికి మూడువేల ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఒకటే అడుగుతున్నాయి: ఆమె ఎవరు, ఏ జట్టు, ఎప్పుడు ఆడుతుంది?

నేను పరుగున డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళి "మీ నాన్నగారు..." అన్నాను. "మా నాన్న పళ్ళ డాక్టరు, నిచ్చెన చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఎవరిదయ్యా ఈ పేరు?" అన్నారు. ఎవరికీ తెలియదు. అప్పుడు వసారా చివరి గదిలోంచి "అయ్యో, అది మా నాన్న తోక!" అని ఒక కేక వినిపించింది.

వెళ్ళి చూశాను. చిన్న గది. ఒక చెక్క డ్రమ్ము, దానికి చుట్టిన నల్ల కాగితం, పక్కన చేతిపిడి. మా అందరి పేర్లూ బ్రష్షుతో రాసి, పిడి తిప్పి, కెమెరా ముందు పైకి పంపేది ఆ గదిలోని అమ్మాయే. చివర్లో ఆమె పేరు సన్నని గీతంత. దాన్నే నేను దుమ్ము అన్నాను.

"అందరివీ పద్ధతిగా తిప్పి నీది ఎందుకమ్మా తరిమేస్తావు?" అని అడిగాను. తల వంచుకుంది. "మా నాన్న చూస్తాడు సార్. ఎంత ప్రయత్నించినా చివరి అక్షరం తోక ఎగిరిపోతుంది. ఆయన కంట పడితే దేశం ముందే 'తోక దించవే' అంటాడు" అంది. పిడి చేతిలోనే పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

మూడువేల మందికి జవాబు చెప్పాలి కాబట్టి డైరెక్టరమ్మ ఉత్తర్వు వేశారు. ఇకపై ప్రతి కార్యక్రమానికీ ఒక ముగింపు, ప్రతి ముగింపుకీ పేర్లు. అంటే రోజుకు ముప్పైసార్లు. అందరి పేర్లూ ఆమె చేతిరాతతోనే, ఆమె పేరు కూడా అందరంత పెద్దగా.

మీ స్నేహితుడు,
మాజీ ఉత్తరాల విభాగం అధికారి

తా.క.: నాకు బదిలీ అయింది. ఆ గదికే. ఇప్పుడు పిడి తిప్పేది నేను. ఎంత నెమ్మదిగా కావాలో చెప్పండి.

*

పిడి తిప్పే నాయనకి, పట్టలేనంత సంతోషంతో ఒక తండ్రి ఆశీర్వాదాలు.

చదివాను! నాయనా, చదివాను! గోలు నాడు నేను గుడ్డ వెనకే ఉన్నాను కదా, దేశమంతా చూసింది, నాకు మాత్రం కుట్టు కనిపించింది. నిన్న చూశాను. పన్నెండు మందీ కుర్చీల్లో ఉన్నారు. నువ్వు తిప్పావు. ఆ పేరు ఇంటికొచ్చిన కొత్త కోడలిలా అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. అక్షరం అక్షరం చదివాను. గట్టిగా చదివాను. కటింగ్ షాపాయన లేచి నిలబడ్డాడు.

తోక ఎగిరే ఉంది. కోపంతో లేచాను, ఉత్తరం రాసేద్దామని. ఇంతలో గుడ్డ మీది పేరు చూసి అమ్మాయి "మా నాన్న తోక" అందని నువ్వు రాసిన ముక్క గుర్తొచ్చింది. కొంపదీసి అనుకుని చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళాను. నేను రాసిన బోర్డులన్నీ ఒక్కొక్కటే తలెత్తి చూశాను. మందుల షాపు, తాళాలాయన, కటింగ్ షాపు, బడి గేటు. నాయనా, నలభై ఏళ్ళుగా వీధి వీధంతా తోకలెత్తుకుని నిలబడి ఉంది! ఎవరూ నాకు చెప్పలేదు. మా ఆవిడని అడిగితే, "పెళ్ళయిన మర్నాడే చూశాను. పని అయిపోతోందంటే మీకు సంతోషం, చెయ్యి లేచిపోతుంది" అంది.

వెయ్యిసార్లు పిల్లని తిట్టాను. అది నేర్చుకున్నది నా మాట కాదు, నా చెయ్యి. ఇప్పుడది రోజుకి ముప్పైసార్లు దేశమంతా కనిపిస్తోంది. అమ్మాయికి చెప్పు, తోక దించొద్దని.

ఇట్లు,
చదివేసిన తండ్రి

తా.క.: నువ్వు మరీ నెమ్మదిగా తిప్పుతున్నావు. నలభయ్యో పేరు దగ్గరే కటింగ్ షాపాయన గురక పెడుతున్నాడు. మిగతావి కాస్త తొందరగా పోనివ్వు. చివరి పేరు చివరి అక్షరం దగ్గర మాత్రం, నీకు పుణ్యముంటుంది, ఆగు.